‘రావ్‌జీ’ అంటే ‘హా’ అన్నందుకు

ఆ రోజు జంషెడ్‌పూర్‌లో, గోల్‌మురి బజారులోని మా స్టీలు సామాన్ల కొట్లో ఒకావిడ ప్రెషర్ కుక్కర్ బేరం చేస్తోంది. ఆవిడ అడిగిన ధరకే ‘సరే, తీసుకెళ్లమ్మా’ అనేశాను. లోపల గిన్నెలు సర్దుతున్న మా ఆవిడ ఈశ్వరమ్మ పరుగున వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టింది.

“ఏటండీ, ఒంట్లో బాగోలేదా?”

బాగోలేదు! ముప్పై ఏళ్లలో మొదటి మాటకే నేను ఒప్పుకున్న బేరం అదొక్కటే. కుడి డొక్క కింద మొదలైన నొప్పి వీపు దాకా పాకి, చొక్కా తడిసిపోయింది. గ్యాసు అనుకుని రెండు రోజులు సోడాలు తాగాను. మూడో రోజు చలిజ్వరం వచ్చింది, కళ్లు పసుపు రంగుకి తిరిగాయి. ఈశ్వరమ్మ ఇక నా మాట వినకుండా ఆటో పిలిచింది.

ఆస్పత్రిలో రక్తం తీశారు, ఎల్‌ఎఫ్‌టీ అని లివర్ పరీక్ష చేశారు, అల్ట్రాసౌండ్ చేశారు. సర్జన్‌గారు తెర వైపు వేలు చూపించి, “గాల్‌బ్లాడర్‌లో స్టోన్స్. ఒకటి జారి డక్ట్‌లో అడ్డం పడింది. ఇన్ఫెక్షన్ భీ హై” అన్నారు. మర్నాడే ఈఆర్‌సీపీ చేశారు. నోట్లోంచి గొట్టం పంపి నాళంలోని రాయి లాగేశారు. జ్వరం దిగింది. ఇన్ఫెక్షన్ పూర్తిగా తగ్గాక గాల్‌బ్లాడర్, అంటే పిత్తం సంచి, తీసేయాలన్నారు.

“డాక్టర్‌సాబ్, రాయి తీసేశారు కదా, సంచి ఉండనివ్వండి” అని బేరం పెట్టాను.

“థైలీ రహేగీ తో పత్థర్ ఫిర్ బనేగా.” సంచి ఉంటే రాళ్లు మళ్లీ పుడతాయట. ఆయన ఒక్క మెట్టు కూడా దిగలేదు.

ఇక్కడ నా పేరు సంగతి చెప్పాలి. నా పేరు గేదెల సింహాచలం. విజయనగరం వైపు నుంచి మా నాన్న జంషెడ్‌పూర్ వచ్చి కొట్టు పెట్టారు. ఇక్కడి హిందీవాళ్లకు తెలుగువాడెవడైనా ‘రావ్‌జీ’యే. నా పేరులోనే కాదు, మా వంశంలోనే రావు లేదు. అయినా ఎవరు ‘రావ్‌జీ’ అన్నా ‘హా’ అని అటు తిరుగుతాను. గిరాకీ కావచ్చు కదా!

వార్డులో మాత్రం ఒక అసలు రావుగారు ఉన్నారు. సన్యాసిరావు. బిర్సానగర్‌లో ఉంటారు, స్టీలు ప్లాంటులో రిటైరయ్యారు. షుగర్ వల్ల కాలికి పుండు పడి చేరారు. ఆయనది కిటికీ పక్క మంచం, నాది తలుపు పక్కది. మంచి జాగా కనబడితే నా బుర్ర ఊరుకోదు.

“అన్నయ్యా, ఎండ మీ మొహానికే కొడతంది గదా” అన్నాను.

“కొట్టనీ తమ్ముడూ. ఎండ మంచిదేనంట.”

“ఆ కాలితో బాత్రూమ్ దాకా నడవలేకపోతన్నారు. నా మంచం కాడినుంచైతే నాలుగే అడుగులు.”

“మరి నీకేటి లాభం?”

“నాకేటీ లేదు. మీ కష్టం సూడలేకే.”

“కొట్టు పెట్టుకున్నోడివి, లాభం లేకుండా మంచం మారతావేటి? సరే, నడు, మార్సుకుందాం” అని ఆయన నవ్వుతూ లేచారు.

ఎవరికీ చెప్పకుండా మంచాలు మార్చుకున్నాం. ఎంత గెలిచానో అనుకున్నాను! చేతికి వేసిన పేరుపట్టీ దురద పెడుతుంటే అంతకుముందే లాగేసి ఫ్లాస్కు పిడికి చుట్టాను. వార్డులో ఫ్లాస్కులు మారిపోతుంటాయి. నేను మారిపోను కదా అనుకున్నాను.

మర్నాడు నాకు ఇంకో స్కాన్ ఉంది, పొద్దున్నుంచి ఏమీ తినొద్దన్నారు. సన్యాసిరావుగార్ని డ్రెస్సింగ్‌కి తీసుకెళ్లారు. భోజనాల ముందు కొత్తగా చేరిన స్టాఫ్ నర్సు ట్రేతో గబగబా కిటికీ మంచం దగ్గరకొచ్చింది.

“రావ్‌జీ?”

“హా.”

పొట్ట మీద చిన్న సూది. నొప్పి తెలియలేదు. మంచి చెయ్యి అని మెచ్చుకున్నాను కూడా!

కాసేపటికి చేతులు వణికాయి. చెమట ధారలు కట్టింది. ఎదురుగా ఈశ్వరమ్మలు ఇద్దరు కనిపించారు. ఒక్క ఈశ్వరమ్మతోనే నేను వేగలేను.

“సిస్టర్! ఈయనకి ఏటో అవుతంది! మాటలు తిన్నగా రావట్లేదు!” అని ఆవిడ వేసిన కేకకు ఇన్‌చార్జి మేరీ సిస్టర్ పరుగెత్తుకొచ్చారు. మేరీ సిస్టర్ మా తెలుగువాళ్లే, సోనారిలో ఉంటారు. వేలు గుచ్చి చూసి, “షుగర్ నలభై రెండు! డెక్స్‌ట్రోజ్ తెండి, జల్దీ!” అన్నారు. నరంలోకి గ్లూకోజ్ ఎక్కుతుంటే ఇద్దరు ఈశ్వరమ్మలూ మెల్లగా ఒకరయ్యారు.

సాయంత్రం సర్జన్‌గారు స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నారు. “సింహాచలంజీ, వో ఇన్సులిన్ ఆప్‌కీ నహీ థీ. గల్తీ హమారీ హై.” సన్యాసిరావుగారి సూది నాకు పడిందట. ‘ఆ మందు మీది కాదు, తప్పు మాది’ అని ఒక పెద్ద డాక్టరు నోటితో చెప్పడం నేనెప్పుడూ వినలేదు.

ఈశ్వరమ్మ సంచీలో బట్టలు కుక్కేస్తోంది. “విశాఖపట్నం పోదాం. సూదే మారిపోయిందంటే, రేపు కడుపు కోసినప్పుడు ఏటి మారిపోద్దో!”

ఆవిడ మాటలో అబద్ధం లేదు. కానీ ఇంకో రాయి జారితే దారిలోనే ప్రాణం మీదికి రావచ్చని, ఆలస్యం చేయొద్దని సర్జన్‌గారు చెప్పారు. ఉంటే భయం, పోతే భయం. రేపు చెబుతానన్నాను.

మర్నాడు ఉదయం మేరీ సిస్టర్ నన్నూ ఈశ్వరమ్మనూ తన గదిలో కూర్చోబెట్టి కాగితం తీశారు. వాళ్ల తప్పులన్నీ ఏకరువు పెట్టాలని నేను ఉబలాటంగా ఉన్నాను.

“ఎవుల్ని తిట్టడానికీ కాదన్నయ్యా. ఎక్కడెక్కడ జారిపోయిందో రాసుకోడానికి. సూదేసిన ఆ నర్సు పిల్ల అంతా సెప్పింది. ఆ పూట ఇద్దరి పని ఆ ఒక్కర్తి మీదే పడీసేం, అది మాది. ఇన్సులిన్ ఇచ్చేముందు ఇంకో నర్సు సూడాల, సూడలేదు, అదీ మాదే. ఇప్పుడు మీరు సెప్పండి. సేతిపట్టీ ఏది?”

“ఫ్లాస్కుకి.”

“ఫ్లాస్కుకి జొరమొచ్చిందేటి? మంచం?”

“మార్సుకున్నాం.”

“మీ పేరు రావా?”

“కాదు.”

“మరి హా అని ఎందుకన్నారు?”

ఈశ్వరమ్మ నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను.

అప్పుడు వెలిగింది! “సిస్టర్, ఆగండి!” అని కుర్చీలోంచి లేచాను. మా కొట్లో గిన్నెల మీద పేర్లు చెక్కుతాం. చెక్కాక తప్పని తేలితే ఆ గిన్నె ఇంకెవరూ కొనరు. అందుకే ‘ఫలానా పేరే కదా?’ అని నేను ఎప్పుడూ అడగను. అలా అడిగితే తొందరలో ఉన్న మనిషి దేనికైనా ఊ అంటాడు. కాగితం చేతికిచ్చి ‘మీ పేరు మీరే రాయండి’ అంటాను. గిన్నెకు ఇంత జాగ్రత్త పడేవాణ్ని, నా సొంత పొట్టకి ‘హా’తో సరిపెట్టాను!

మేరీ సిస్టర్ కలం ఆపి నవ్వారు. “మా రూలూ అదే అన్నయ్యా. పేరు సెప్పి అడగకూడదు, పేసెంటు నోటితోనే పలికించాల. రూలు పుస్తకంలో ఉంది, వార్డులోకి రాలేదు.”

“అయితే వినండి. ఆపరేషన్ ఇక్కడే. సంతకం పెడతాను. మాత్ర ఇచ్చినా, సూది వేసినా, మంచం కదిపినా నా పేరు నా చేతే చెప్పించాలి. ఏ మందో, దేనికో నాకు చెప్పాలి.”

“ఏటైనా తగ్గిత్తారా?”

“ఇందులో తగ్గింపు లేదు.”

“మాదీ ఒక సరతు. పట్టీ మీ సేతికే ఉండాల.”

నా జీవితంలో రెండు వైపులా లాభం వచ్చిన బేరం అదే! అయితే పేరుతో పాటు పుట్టినరోజూ చెప్పాలట. అది బడిలో హెడ్మాస్టరుగారు తోచినట్టు వేసిన తేదీ, నాకెప్పుడూ గుర్తులేదు. ఆధార్ కార్డు ముందు పెట్టుకుని ఈశ్వరమ్మ నాకు ఎక్కాలు అప్పజెప్పించినట్టు అప్పజెప్పించింది.

ఆపరేషన్ రోజు వార్డులో అదే స్టాఫ్ నర్సు వచ్చింది. “ఆప్‌కా పూరా నామ్ బతాయియే” అని నా పూర్తి పేరు అడిగింది. వార్డంతా వినబడేలా చెప్పాను. ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గర చెప్పాను. లోపల మత్తు ఇచ్చేముందు అందరూ పని ఆపేశారు. సర్జన్, మత్తు డాక్టరు, నర్సులు నా వైపు తిరిగి పేరు, ఆపరేషన్, పడని మందులు అడిగారు. “గేదెల సింహాచలం! గాల్‌బ్లాడర్! పడని మందేదీ లేదు!” అన్నాను. అంతమంది డాక్టర్లు నా జవాబు కోసం ఆగారంటే, ఆ చలిగదిలోనూ ఒళ్లు వేడెక్కింది.

చిన్న గాట్లతో చేసే లాప్రోస్కోపీ బాగా జరిగింది. తర్వాత బొడ్డు దగ్గర కుట్టు చీముపట్టి వారం రోజులు ఎక్కువ ఉండాల్సొచ్చింది. ప్రతి యాంటీబయాటిక్‌కీ మళ్లీ పేరు, పుట్టినరోజు. ఒక్కసారీ విసుక్కోలేదు.

ఇప్పుడు నూనె తగ్గించాను, పొద్దున్నే నడుస్తున్నాను. కొట్లో బేరాలు మళ్లీ యథావిధిగా, గట్టిగా సాగుతున్నాయి. వారానికొకసారి మేరీ సిస్టర్ అనుమతితో వార్డుకి వెళ్లి కొత్తగా చేరినవాళ్లకు ‘హా’ అనొద్దని, పేరు తామే చెప్పాలని చెబుతున్నాను. మొన్న తొందరలో ఉన్న నర్సు ఒక ఒడియా ముసలమ్మను పేరు పెట్టి ‘మీరే కదా?’ అని అడిగింది. ఆవిడ నోరు బిగించుకుని కూర్చుంది. నర్సు నాలుక కరుచుకుని, ‘మాతాజీ, మీ పేరు చెప్పండి’ అంది. అప్పుడు చెప్పింది ఆవిడ, పట్టీ ఉన్న చెయ్యి చాపి మరీ! నాకు ఈల వేయాలనిపించింది.

మీరు గానీ, మీవాళ్లు గానీ ఆస్పత్రిలో చేరితే ఒక్కటి చెయ్యండి. ఎవరైనా మీ పేరు పిలిచి ‘మీరేనా?’ అంటే అవునని ఊరుకోకండి. మీ పూర్తి పేరు మీరే చెప్పండి, ‘ఇదేం మందు, దేనికి?’ అని అడగండి. జవాబు విన్నాకే చెయ్యి చాపండి.