కిటికీకి కట్టిన వల

నా చిన్నప్పుడు మా కాలనీలో ఇళ్ళన్నీ కవల పిల్లలు. గాలివానకు మా తాటాకు గుడిసెలు కొట్టుకుపోయిన తరువాత, సముద్రానికి కాస్త ఎడంగా వరసలు తీర్చి కట్టించిన ఒంటిగది ఇళ్ళవి. అన్నిటికీ అదే పసుపు సున్నం, అదే ఆకుపచ్చ తలుపు, అదే ఒక్క కిటికీ. కవళ్ళనే చిన్న చేపలు పట్టి బతికేవాళ్ళం కాబట్టి మాకు కవల ఇళ్ళే రాసిపెట్టి ఉన్నాయేమో! మా నాయన మొదటి వారంలోనే రెండుసార్లు పొరపాటున పక్కింటి గుమ్మంలో కూర్చుని, కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళడిగాడు. రెండోసారి ఆ ఇంటి అక్క చెంబు తెచ్చిచ్చి, "కూడు గూడా ఇక్కడే పెట్టేదా అన్నా?" అన్నది. వీధి వీధంతా నవ్వింది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. చూడగానే ఇది మా ఇల్లని తెలియాలి, అందుకు నేనే ఏదో ఒకటి చెయ్యాలి అని ఆ రోజే నిశ్చయించుకున్నాను. నాకప్పుడు తొమ్మిదో పదో ఏళ్ళు. ఇల్లు అలంకరించడానికి కావలసినవాటిలో నా దగ్గర లేనిది డబ్బొక్కటే. తక్కినవన్నీ ఒడ్డున ఏరుకుంటే దొరికేవి.

ఈ సంగతంతా ఇప్పుడు గుర్తుకు రావడానికి కారణం మా మనవరాలు. తడ దగ్గర ఉద్యోగం వచ్చి, అక్కడే ఓ చిన్న ఫ్లాట్ అద్దెకు తీసుకుంది. ఒక పడకగది, ఒక హాలు, వంటగది అని చెప్పుకోదగ్గ ఒక మూల, బాల్కనీ అని చెప్పుకోలేని ఒక అంచు. "తక్కువ ఖర్చులో ఇల్లు బాగా చేసుకోవాల, రా అవ్వా, సాయం చేద్దువు" అని పిలిస్తే వెళ్ళాను. ఆ విద్యలో నాకున్న అనుభవం ఎలాంటిదో ఆ పిల్లకు తెలియదు. తెలిసి ఉంటే కత్తెర నా చేతికి ఇచ్చేది కాదు.

మా కాలనీ కథకే వస్తాను. ఆ ఆదివారం కొత్త ఇళ్ళు చూడడానికి మా బడి టీచరమ్మ వస్తానన్నది. ఏ ఇల్లు అందంగా ఉంటే ఆ ఇంట్లోనే కూర్చుని టీ తాగుతానని కూడా అన్నది. ఆమె నవ్వుతూ అన్న మాటను నేను నవ్వకుండా విన్నాను. ఇక వారమంతా అదే పని. సిగరెట్ పెట్టెల్లోని వెండి కాగితాన్ని గోటితో సాపు చేసి దేవుడి పటం చుట్టూ అంటించాను. విరిగిన గాజు ముక్కల్ని గుమ్మం పక్క మట్టిలో పూవులా గుచ్చాను. తేదీలు ఎప్పుడో చెల్లిపోయిన క్యాలెండరు బొమ్మ ఒకటి గోడకెక్కింది. ఆ బొమ్మలో మంచుకొండలు. మా ఊళ్ళో మంచు చూసినవాడెవడూ లేడు, ఐసుగడ్డ తప్ప.

అన్నీ కుదిరాయి గానీ కిటికీ ఒక్కటే బోసిగా కనిపించింది. అల్లూరులో టీచరమ్మ ఇంటికి ఒకసారి పరీక్ష పేపర్ల కట్ట మోసుకుపోయినప్పుడు ఆమె కిటికీకి తెర చూశాను. తెల్లటి జాలీ గుడ్డ. సన్న సన్న చిల్లుల్లోంచి వెలుగు నేలమీద ముగ్గులా పడుతుండేది. చిల్లులున్న గుడ్డ ఇంత అందంగా ఉంటుందా అని విస్తుపోయాను. మా ఇంట్లో చిల్లులు లేని గుడ్డే లేదు, అయినా ఏదీ ఇంత అందంగా కనిపించలేదే! ఆలోచించగా ఆలోచించగా, మా ఇంట్లో కొన్ని వేల చిల్లులు ఒక మూలనే పడి ఉన్నాయని శుక్రవారం నాడు నాకు తట్టింది.

మూలన రెండు వలలు కుప్పలుగా ఉండేవి. ఒకటి తెల్లగా మిసమిసలాడుతూ ఉన్నది. రెండోది మురికి గోధుమరంగులో, ఏదో ఘాటు వాసన వేస్తూ ఉన్నది. తెల్లది కొత్తది, నల్లబడింది పాతది. బట్టల విషయంలో నాకు తెలిసిన లెక్క అదే. నేనేమీ తొందరపడలేదని ఇప్పటికీ చెప్పుకుంటాను. బాగా ఎంచి, మంచిదాన్ని ముట్టుకోకుండా, పాతదాన్నే కత్తిపీట దగ్గరికి లాక్కొచ్చాను. కిటికీకి సరిపడా నలుపలకగా కోసి, అంచులకు గవ్వలు గుచ్చి కట్టాను. అమ్మ చూసి, "ఎవురిచ్చినార్మే?" అంటే, "ఊరికి పోతా తాత ఇచ్చినాడు" అన్నాను. ఆ అబద్ధం నోట్లోంచి అంత నున్నగా ఎలా జారిందో నాకే తెలియదు.

అవి నూలు వలల రోజులు. నైలాన్ అప్పుడప్పుడే అల్లూరు దాకా వస్తున్నది. నూలు వల ఉప్పునీళ్ళకు కుళ్ళకుండా ఉండాలంటే తుమ్మచెక్క వేసి కాచిన రసంలో నానబెట్టాలి. అప్పుడు దానికి ఆ గోధుమరంగూ, ఆ ఘాటు వాసనా వస్తాయి. అంటే నేను వదిలిపెట్టిన తెల్లది ఇంకా రసం పట్టించని పచ్చి వల. నేను కోసింది, కవళ్ళ కాలం కోసం మా తాత నెలల తరబడి అల్లి, రసం పట్టించి, ఎండబెట్టి, వేటకు సిద్ధం చేసిన వల. చేపల ఇంట పుట్టి ఆ మాత్రం తెలియదా అంటారేమో. రసం కాచిన రోజు నేను బడిలో ఉన్నాను. బడికి పోతే తెలివి వస్తుందని పంపించారు.

ఆదివారం టీచరమ్మ వచ్చింది. నాలుగు గుమ్మాలు తొంగి చూసి, మా గుమ్మం దగ్గర ఆగిపోయింది. లోపలికొచ్చి కూర్చుని, కిటికీ వంక చూస్తూ, "ఈ ఆలోచన ఎవరిదబ్బా?" అన్నది. అప్పుడే తాత పొలిమేర అవతల బంధువుల ఊరి నుంచి వచ్చి చెప్పులు విడుస్తున్నాడు. ఆయన కిటికీ దగ్గరికి నడిచి, ఒక కన్నును రెండు వేళ్ళ మధ్య పట్టుకొని నలిపి చూశాడు. వలలో ఒక్కో చిల్లునూ మావాళ్ళు కన్ను అనే అంటారు. "మా అమ్మి చేసినాది టీచరమ్మా" అన్నాడు. ఆ గొంతులో గర్వం తప్ప నాకింకేమీ వినిపించలేదు. ఆ సాయంత్రం ఆయన అన్నం కూడా ఆలస్యం చేసి, వల ముందేసుకొని వెదురు సూదితో ఏదో అల్లుతూ కూర్చుంటే, ఎప్పుడూ చేసే పనేగదా అనుకున్నాను.

కవళ్ళు ఇంకా నాలుగు రోజులకు గానీ రావని అందరి అంచనా. అవి మర్నాడు తెల్లవారేసరికే వచ్చేశాయి. చేపలు మన అంచనాలు చదువుకొని రావు కదా. ఒడ్డున కేకలు, పరుగులు. మా తెప్ప మీద పోయేవాళ్ళు నలుగురు. తాత, నాయన, మా మేనమామ, ఇంకో వరసైన ఆయన. తెప్ప ముందు నిలబడేది తాతే. నీళ్ళ రంగు చూసి చేపల గుంపు ఎక్కడుందో, ఎటు తిరుగుతుందో చెప్పే పని ఆయనది. చుట్టుపక్కల ఆ చూపున్నవాడు మరొకడు లేడని అందరూ ఒప్పుకునేవారు. నేను తాగే నీళ్ళ కుండ మోసుకొని వెనకాలే పోయాను. మేనమామ ఇసకలో వల పరిచాడు. నడిమధ్యన కిటికీ అంత కంత. అంచున ఒక పక్క జానెడు మేర మాత్రం కొత్తగా అల్లి ఉన్నది.

"ఇదేంది? నలుపలకగా ఉండాదే! ఏ చేప కొరికినా ఇట్టా కొలిచి కొరకదే!" అన్నాడు మేనమామ.

తాత నా వైపు చూడలేదు. చూసి ఉంటే ఏడ్చేసేదాన్నేమో. "కిటికీకని నేనే కోసిచ్చినాను. పాతదనుకున్యా" అన్నాడు.

"పాతదా? పాతయ్యన్నీ గాలివానలో పాయె గదా మామా. మీ ఇంట్లో పాతది యాడుండాది, నువ్వు తప్ప?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. తాత కూడా నవ్వాడు. "కండ్లు ముసురుకున్నెయ్‌లే అబ్బయా" అన్నాడు. ఆ మాటతో నవ్వు ఆగిపోయింది. మేనమామ ఆయన కళ్ళలోకి ఒకసారి పరీక్షగా చూసి తల తిప్పుకున్నాడు. నా నోట్లో మాట ఉన్నది. 'కోసింది నేను' అని, రెండే ముక్కలు. ఆల్చిప్పలు ఏరే పిల్లని కదా, నోరు మూసుకోవడం వాటి దగ్గర బాగా నేర్చుకున్నాను. కుండ పట్టుకొని అక్కడే నిలబడ్డాను. కంతను పురికొసతో ఎలాగో కుట్టి బయలుదేరేసరికి గుంపు దాటిపోయింది. పక్క తెప్పలు మునిగేటంత బరువుతో ఒడ్డుకు చేరాయి. మాది తేలుతూ వచ్చింది.

మరుసటి రోజు నుంచి తెప్ప ముందు మేనమామ నిలబడ్డాడు. ఎవరూ తాతను ఒక్క దురుసు మాటైనా అనలేదు. "నువ్వు ఒడ్డునే ఉండి వలలు బాగుచెయ్యి మామా, ఇంక నీకెందుకీ కష్టం" అని మర్యాదగానే చెప్పారు. రంగు పెట్టిన వలకూ పాత వలకూ తేడా తెలియని కళ్ళు నీళ్ళ రంగేం కనిపెడతాయి అని వాళ్ళ భయం. వాళ్ళ తప్పేమీ లేదు. నేను ఎటు నుంచి లెక్కేసినా తప్పు నా దగ్గరికే వచ్చి ఆగుతుంది.

ఆ మధ్యాహ్నం కిటికీ తెర విప్పి, గవ్వలు ఊడదీసి, తాత పక్కన పెట్టాను. "అది కిటికీకే ఉండనీ. కోసిన ముక్క మళ్ళా అతకదు" అన్నాడాయన. సూది నా చేతిలో పెట్టి, కన్ను కొలిచే వెదురు బద్ద ఎలా పట్టుకోవాలో చూపించాడు. నా ముళ్ళు ఒకటి బిగుతు, ఒకటి వదులు. ఒక్కో కన్ను ఒక్కో సైజు. కొన్నిట్లో కవళ్ళేమిటి, నేనే దూరిపోయేదాన్ని. ఆయన వాటిని విప్పి మళ్ళీ వెయ్యమనేవాడు, అంతే. మూడో రోజో నాలుగో రోజో, తల ఎత్తకుండానే, "పాతదా కొత్తదా అని కంటిని అడగబాక అమ్మీ. మనిషినడుగు" అన్నాడు. ఆయన నాకు చేసిన బోధ మొత్తం అదే.

"నేను పోయి మామకు చెప్పేదా తాతా?" అన్నాను.

"చెప్పాలనిపిస్తే చెప్పు" అన్నాడు. చెప్పమనలేదు, వద్దనలేదు.

చెప్పడానికి రెండుసార్లు పోయాను. మొదటిసారి మేనమామ పెళ్ళాం మజ్జిగ ఇచ్చింది, తాగి వచ్చేశాను. రెండోసారి మామ గుమ్మంలోనే ఎదురొచ్చి, "ఏంది అమ్మీ, మీ తాత కండ్లెట్టుండాయి?" అని అడిగాడు. దేవుడు అంతకన్నా తేలిక ప్రశ్న ఎవరికీ ఇవ్వడు. "బాగుండాయి మామా" అన్నాను. ఆరోగ్యం సంగతి అడిగినట్టూ, నేను మర్యాదకు జవాబు చెప్పినట్టూ ఆ సంభాషణ ముగిసింది. మూడోసారి పోలేదు. ఆ తరువాత చెప్పడానికి బాగా ఆలస్యమైపోయిందనిపించింది. పదేళ్ళ పిల్లకు వారం రోజులంటే యుగం.

వలలో కంత పూడింది. నేను అల్లిన భాగం దూరం నుంచి చూసినా నలుపలకగా తెలిసిపోయేది. తెప్పవాళ్ళు దాన్ని కిటికీ అనే పిలిచేవారు. "కిటికీ మూసినారా లేదా?" అని వేటకు పోతూ ఎగతాళి చేసేవారు. తాత ఒడ్డున కూర్చుని ఊరందరి వలలూ బాగుచేశాడు. అదీ సుఖంగానే ఉందనేవాడు. అయితే తెల్లవారుజామున తెప్పలు పోయాక ఆయన లేచి నీళ్ళంచుకు నడిచి, నడుం మీద చేతులేసుకొని సముద్రం వంక చూసేవాడు. నేను పక్కన నిలబడేదాన్ని. ఉన్నట్టుండి, "అదిగో" అని మెల్లిగా తనలో తను అనుకునేవాడు. ఆ తరువాత చాలాసేపటికి గానీ తెప్ప మీద మేనమామ కేక వినిపించేది కాదు. ఆ 'అదిగో'కూ ఈ కేకకూ మధ్య ఉన్న ఎడం నాకు ఎన్ని సంవత్సరాలైనా తరగలేదు. తాత పోయాడు. మేనమామా పోయాడు. కళ్ళు పోయిన ముసలాయన అన్న మాట మాత్రం మా ఊళ్ళో చాలాకాలం బతికింది.

మనవరాలి ఫ్లాట్‌లో కిటికీకి తెర కావాలన్నది. గవ్వలు కుట్టిన వల బొమ్మ ఒకటి ఫోన్‌లో చూపించి, ఇలాంటిది కొందామా అవ్వా, ఇప్పుడు ఇదే ఫ్యాషన్ అన్నది. కొనొద్దన్నాను. సూళ్ళూరుపేటలో నూలు దారం ఉండలు తెప్పించి, స్కేలును బద్దగా పట్టుకొని, పది రోజులు కూర్చుని అల్లాను. తాత నేర్పిన ముళ్ళు వేళ్ళు మరిచిపోలేదు. మిగిలిన దారం పారేయబోతూ, ఇంట్లో ఏది కోయబోయినా అడిగినట్టే అడిగాను, "దీంతో నీకేమన్నా పనుందా?" అని. ఖాళీ డబ్బా పారేయడానికి కూడా అడుగుతానని మా కోడలు నన్ను పిసినారి కింద జమ కట్టింది. కట్టనీ.

తెర బాగా కుదిరింది. పొద్దున ఎండ అందులోంచి నేలమీద పడితే, ఎప్పుడో అల్లూరులో చూసిన ముగ్గే. మనవరాలి స్నేహితులు వచ్చినప్పుడల్లా ఎవరు చేశారని అడుగుతారు. మా అవ్వ అని అది గొప్పగా చెబుతుంది. నేను వంటగది మూల నుంచి ఇవతలికి వచ్చి, నేర్పింది మా తాత, ఆయన కళ్ళు ఆఖరిదాకా చాలా బాగా కనపడేవి అంటాను. వాళ్ళు మర్యాదగా తలూపుతారు.

మొన్న వాళ్ళు వెళ్ళిపోయాక మనవరాలు, "అవ్వా, ఆ కళ్ళ సంగతి వాళ్ళెవరూ నిన్ను అడగలేదే!" అని నవ్వింది.

అడగలేదు, నిజమే. అడిగిన మనిషి గుమ్మంలో నిలబడి అడిగిన రోజున నేను మర్యాదకు ఒక్క ముక్క అనేసి ఇంటికొచ్చేశాను. అప్పటి నుంచీ ఎవరు అడిగినా, అడగకపోయినా, చెబుతూనే ఉన్నాను.