తాబేలుకూ అమ్మవారికీ మధ్య

ఈ మధ్య ఒక ఉదయం నంద్యాల గ్రంథాలయంలో, పేపర్లు పరిచే పొడుగు బల్ల దగ్గర కూర్చుని ఉండగా, నాతోపాటు ఏళ్ళ తరబడి అక్కడికి వస్తున్న మిత్రుడొకాయన తాను చదువుతున్న పేపరును మడిచి నా ముందుకు జరిపాడు. ఆయనదీ మా ఆళ్లగడ్డే. పేపర్లో సముద్రపు ఒడ్డున చచ్చి పడివున్న తాబేళ్ళ ఫోటో ఉంది. దాని మీద వేలితో తట్టి, "ఏమప్పా, మీ చుట్టాలు మళ్ళా వచ్చినారే! జీపు తెప్పించేదా?" అన్నాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. వాళ్ళలో కొందరికి అసలు సంగతి పూర్తిగా తెలియదు కూడా, నా దగ్గర తాబేలు పేరెత్తితే నవ్వాలని మాత్రం తెలుసు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఉన్నాను గాని, తల నెరిసిపోయిన ఈ వయసులో కూడా చెవుల వెనక వేడి పుట్టింది, కళ్ళజోడు తుడుచుకునే నెపంతో తల వంచుకున్నాను.

మన వయసు వాళ్ళకు ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో చదువు ఆగిపోయిన పిల్లలకు లైబ్రరీయే పెద్ద బడి. నేను పదో తరగతి దాటలేదు. మాది విగ్రహాలు చెక్కే ఇల్లు, ఆళ్లగడ్డలో రోడ్డు పక్కనే మా కొట్టం, పొద్దున లేస్తే ఉలి చప్పుడు. నేనూ ఉలి పట్టినవాణ్ణే గాని నా మనసెప్పుడూ సాయంత్రం తెరిచే లైబ్రరీ తలుపు మీదే ఉండేది. ఊళ్ళో ఉన్న పుస్తకాలు అయిపోయాక ఆదివారాల్లో బస్సెక్కి నంద్యాలకు పోయేవాణ్ణి. నక్షత్రాలు, పాములు, దేశాల చరిత్ర, సముద్రపు జీవులు, ఏది చేతికందితే అది. రాయి నూరుతూ నూరుతూ చదివింది నాయనకు వినిపించేవాణ్ణి. నాయనకు సంతకం వరకే అక్షరాలు వచ్చు. నేను చెబుతుంటే ఉలి పక్కన పెట్టి వినేవాడు, విన్నదాన్ని మర్నాడు విగ్రహం కొనడానికి వచ్చిన ఎవరికో చెప్పి, "మా వాడు చదివినాడు" అని ముగించేవాడు. మా మేనమామ కూడా మా కొట్టంలోనే పనిచేసేవాడు. ఆయనకు మాత్రం నా చదువంటే పరాచకం.

నాకు ఇరవై దాటిన రోజుల్లో, నెల్లూరుకు అవతల సముద్రం ఒడ్డునున్న ఒక పాలెం వాళ్ళు నాయనకు అమ్మవారి విగ్రహం చెక్కమని చెప్పారు. చేపల వేటకు పోయేవాళ్ళ ఊరది. పాత గుడి గాలివానకు పడిపోతే, ఊరంతా కలిసి కొత్త గుడి కట్టుకున్నారు. వేటకు పోయే పడవలను అమ్మ చూస్తూ ఉండాలని గుడి వాకిలి నేరుగా సముద్రం వైపుకే పెట్టారు.

ఇక్కడ మా పనిలోని పద్ధతి ఒకటి చెప్పాలి. విగ్రహమంతా ఆళ్లగడ్డలోనే నునుపు తేల్చినా, కళ్ళు మాత్రం తెరవకుండా వదిలేస్తాం. గుడిలో నిలబెట్టాక, ముహూర్తానికి శిల్పే స్వయంగా సన్నటి ఉలితో కనుపాప గీత తీసి, బంగారు సూది తాకిస్తాడు. అప్పుడు కూడా ఎదురుగా నిలబడడు. ఒక పక్కగా ఒదిగి, అద్దంలో చూసుకుంటూ తీస్తాడు. అప్పుడే తెరిచిన కళ్ళ మొదటి చూపు మనిషి తట్టుకోలేనిదని, చెక్కినవాడి మీద అసలు పడకూడదని మావాళ్ళ నమ్మకం. ఆ చూపు ఆవూ దూడా మీద పడాలి. అందుకని వాకిలికి ఎదురుగా ఆవును, దూడను తెచ్చి నిలబెడతారు. నాయన ఎన్ని విగ్రహాలకు కళ్ళు తెరిచాడో గాని, ఒక్కసారి కూడా ఎదుటికి రాలేదు. పని అయిపోయాక కూడా పక్క నుంచే వంగి బయటికి వచ్చేవాడు.

అమ్మవారిని లారీలో వరిగడ్డి మీద పడుకోబెట్టి, కళ్ళకు గుడ్డ కట్టి తీసుకుపోయాం. నాయన, మామ, నేను, ముగ్గురం సముద్రాన్ని చూడడం అదే మొదటిసారి. అయినా దారి పొడుగునా అలల గురించి, పోటు గురించి, ఉప్పు గురించి నేనే చెబుతూ పోయాను. తీరా సముద్రం ఎదురుగా కనిపించేసరికి చెబుతున్న పాఠం సగంలోనే ఆగిపోయింది. మామ నా వీపు మీద ఒకటి చరిచి, "ఏమిరా అల్లుడా, నీ పుస్తకంలో మాదిరే ఉందా, లేకపోతే ఈడ ఏమన్నా తప్పు పోయిందా?" అన్నాడు.

మర్నాడే ముహూర్తం. పొద్దు పొడవకముందే స్నానానికి ఒడ్డుకు పోతే, తడి ఇసుక మీద బోర్లించిన బానలాగా ఏదో కనిపించింది. దగ్గరికి పోతే సముద్రపు తాబేలు, చచ్చిపోయి ఉంది. మా కుంటల్లో కనిపించే వాటికంటే ఎన్నో రెట్లు పెద్దది. కాళ్ళ స్థానంలో తెడ్లు. మెడ ఇసుకలోకి వాలిపోయి ఉంది, వాసన అప్పుడప్పుడే లేస్తోంది. నాయన గొంతుక్కూర్చుని, చేయి తగలనీయకుండా గాలిలోనే వేలితో దాని వీపు మీది పలకల అంచులు గీస్తూ చాలాసేపు చూశాడు. "మన కూర్మమేనా అప్పా ఇది?" అని నన్నడిగాడు. ఇంక నన్ను ఆపేదెవరు? దాని జాతి, దాని ప్రయాణాలు, గుడ్లు పెట్టే కాలం, అన్నీ చెప్పాను. వెనక్కి తిరిగి చూస్తే గుడి వాకిలి తిన్నగా మా వైపే ఉంది. తాబేలు సరిగ్గా అమ్మవారి చూపు పడే చోటే పడివుంది.

ఈలోగా ఊరిపెద్ద, ఆయన భార్య, మరికొందరు పారలు పట్టుకొని వచ్చారు. వాళ్ళకు ఇది కొత్తేమీ కాదు, గుంత తీసి పూడ్చేస్తామన్నారు. నేను అడ్డం నిలబడ్డాను. ఈ జాతి తాబేళ్ళకు చట్టం రక్షణ ఉందని, చచ్చినదాన్నైనా అటవీశాఖ వాళ్ళకు చెప్పకుండా ముట్టుకోకూడదని నంద్యాలలో చదివాను. ఆ సంగతే వాళ్ళకు వివరంగా చెప్పాను. చెప్పింది అబద్ధం కాదు. కాకపోతే చెప్పిన తీరు వేరు, చిన్నపిల్లలకు పాఠం చెప్పినట్టు చెప్పాను. ఊరిపెద్ద భార్య నన్ను వదిలేసి నాయన వైపు తిరిగింది. ఆమె కొడుకులిద్దరూ వేటకు పోయేవాళ్ళు. "సామీ, అమ్మ కళ్ళు తెరవంగానే పీనుగను చూస్తే, ఇంక ఆ సముద్రం మాకేం పంపిస్తాది? మీరే చెప్పండి" అంది. ఆ మాటకు పారలు పట్టుకున్నవాళ్ళంతా తలలు దించుకున్నారు. నాయన ఆమెతో, "మా వాడు లైబ్రరీ అంతా చదివినాడు తల్లీ. పొయ్యి చెప్పి బిరీన వస్తాడు. వాడొచ్చేదాకా ఆగుదాం" అన్నాడు. నాయన మాట మీద పారలు ఇసుకలో గుచ్చి నిలబెట్టారు.

ఊరివాళ్ళ సైకిలు ఒకటి తీసుకొని పక్కనున్న టౌనుకు పోయాను. ఆఫీసులో ఉన్న అధికారి నాకంటే కాస్త పెద్దవాడు, నెమ్మదస్తుడు. నేను చెప్పింది విని, వచ్చి చూస్తామని, పూజ ఉందంటున్నారు కాబట్టి ఈలోగా కావాలంటే పక్కకు జరిపించుకోవచ్చని అన్నాడు. అక్కడితో నా పని అయిపోయింది. లేచి సైకిలెక్కితే సరిపోయేది. కాని ఆయన నన్ను ఎగాదిగా చూసి, మీకు ఇవన్నీ ఎట్లా తెలుసండీ అని అడిగాడు. నా బతుకులో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయన. 'మీరు' అన్న మొదటి ఆఫీసరు కూడా ఆయనే. కూర్చున్నాను. టీ వచ్చింది. గోడకున్న బొమ్మల పటంలో ఏది ఏ తాబేలో ఆయన అడుగుతుంటే చెప్పాను. ఒకటి రెండు తప్పు చెప్పినా ఆయన నవ్వి ఊరుకున్నాడు. నంద్యాల లైబ్రరీ గురించి, రాయి నూరుతూ చదవడం గురించి చెప్పాను. ఎంతసేపు గడిచిందో తెలియదు. జీపు బయల్దేరుతోంది, మీరూ రండి, సైకిలు వెనక వేయండి అన్నాడు. ముందు సీటులో కూర్చోబెట్టాడు. ఆ దారిలో నాకున్న సంతోషాన్ని ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు కుంచించుకుపోతుంది. జీపు పాలెంలోకి వచ్చేటప్పుడు మామ చూస్తే బాగుండునని అనుకున్నాను.

మామ చూశాడు. గుడి మెట్ల దగ్గరే నిలబడి ఉన్నాడు. డప్పులు లేవు, జనమంతా నిలబడి ఉన్నారు. తాబేలు ఉన్నచోటే ఉంది, పారలు గుచ్చినచోటే ఉన్నాయి. జీపు దిగుతున్న నా దగ్గరికి వచ్చి మామ జరిగింది చెప్పాడు. ఆ రోజు ఆయన గొంతులో పరాచకం లేదు. ముహూర్తం దగ్గరపడినా నేను రాలేదు. పూజారి ఇంక ఆగేది కుదరదన్నాడు. ఊరివాళ్ళు పారల మీద చేయి వేస్తే నాయన వద్దని ఆపాడు. ఆవునూ దూడనూ తాబేలుకు ఇవతల నిలబెడితే చూపుకు అడ్డం ఉంటాయనుకున్నారు. కాని గాలి సముద్రం మీద నుంచి వీస్తోంది. వాసన తగలగానే ఆవు బెదిరి తాడు తెంపుకొని దూడతో సహా ఊళ్ళోకి పరుగెత్తింది. ఇంకొకరిని నిలబడమంటే ఎవరు నిలబడతారు? మొదటి చూపు సంగతి అందరికీ తెలిసిందే.

"మీ నాయన కళ్ళు తెరిచినాడు. తెరిచి, పక్కకు రాలేదురా. అద్దం నా చేతికిచ్చి, ఆ యమ్మ ఎదుటికే జరిగి, నడిచిపొయ్యి వాకిట్లో నిలబడినాడు, ఆ తాబేలు కనపడకుండా. ఆ యమ్మ మొదట చూసింది మీ నాయన్నే" అన్నాడు మామ.

అంతలో అధికారి ముందుకొచ్చి, తాబేలును, గుడిని, జనాన్ని చూసి ఆశ్చర్యపోయి, అందరి ఎదుటా నన్నడిగాడు. "జరిపించుకోండి అని అప్పుడే చెప్పాను కదండీ, వీళ్ళకు చెప్పలేదా?" పాపం, ఆయన నన్ను తప్పు పట్టాలని అడగలేదు. ఊరిపెద్ద భార్య నా వైపు చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. పోయి పార పెరికి తనే ఇసుక తవ్వడం మొదలుపెట్టింది, తర్వాత మగవాళ్ళు వెళ్ళి అందుకున్నారు. అధికారి చూడాల్సింది చూసి, పూడ్చడానికి సరేనన్నాడు. నేను సాయం చేయబోతే పారలు చాలినన్ని ఉన్నాయన్నారు. నిజంగానే ఉన్నాయి.

నాయన సముద్రంలో మోకాళ్ళ లోతు దిగి చేతులు కడుక్కుంటున్నాడు. అధికారి అన్న మాట ఆయన కూడా విన్నాడు. దగ్గరికి పోయి నిలబడ్డాను. ఆయనే తిరిగి, చేతులు పంచెకు తుడుచుకుంటూ, "ఏమన్నారప్పా ఆపీసోళ్ళు? నువ్వు చదివింది సరేనంటనా?" అని అడిగాడు. సరేనన్నారని చెప్పాను. "మరి!" అన్నాడు, అనుకున్నదే అయినట్టు.

ఆళ్లగడ్డకు వచ్చాక ఆ ప్రయాణం రెండు కథలైంది. మామ చెప్పేది ఆవు పారిపోయిన కథ. నాయన చెప్పేది సర్కారువాళ్ళు తన కొడుకు కోసం జీపు పంపిన కథ. రెండూ కలిసి నాకు 'జీపు' అనే పేరు మిగిలింది. కొట్టంలో నాయన అంతకుముందు మాదిరే పని చేశాడు. చెక్కాడు, నునుపు తేల్చాడు. అయితే ఆ తర్వాత ఏ విగ్రహానికీ కళ్ళు మాత్రం తెరవలేదు. ముహూర్తం వస్తే ఉలిని, బంగారు సూదిని మామ చేతికిచ్చి, తాను గుడి బయట కూర్చునేవాడు. ఎందుకని అమ్మ చాలాసార్లు అడిగింది. "ఆ యమ్మ నన్ను చూసిందిలే. ఇంక సాలు" అనేవాడు. అది భయమో, తృప్తో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగే ముఖం నాకు లేకపోయింది. కొన్నాళ్ళకు నేను ఉలి వదిలేసి నంద్యాలలో ఒక బియ్యం మిల్లులో గుమాస్తాగా చేరాను. చనిపోయేదాకా నాయన మాత్రం ఆదివారం నేను ఇంటికి పోతే చాలు, ఈ వారం ఏం చదివినావప్పా అని అడుగుతూనే ఉన్నాడు. నేను చెప్పేది రానురానూ తగ్గిపోయింది.

మిత్రుడు జరిపిన ఆ పేపర్లో ఫోటో కింద ఒక ఫోను నంబరు వేశారు. తాబేలు కనిపిస్తే దానికి చెబితే చాలట, ఎవరూ ఎక్కడికీ పోనక్కర్లేదట. మంచిదే. మాట చెప్పడానికి పోయినవాడు అక్కడే కూర్చుండిపోయే ప్రమాదం లేదు. లైబ్రరీలో ఇప్పుడు మా బల్ల దగ్గర తప్ప మనుషులు లేరు. ఆళ్లగడ్డలో ఉలి చప్పుడు తగ్గి రాయి కోసే మిషన్ల రొద పెరిగింది, దుమ్ము పెరిగింది. విగ్రహాలు మాత్రం ఇప్పటికీ రోడ్డు పక్కన వరసగా నిలబడే ఉంటాయి, కళ్ళు తెరవకుండానే, బస్సుల వైపు చూస్తున్నట్టు.

మా కొట్టం ఇప్పుడు వేరేవాళ్ళది. నేను ఊరికి పోయినప్పుడల్లా ఆ వరస ముందు నుంచే నడవాలి. ఆ కళ్ళు ఇంకా తెరవలేదని తెలుసు, తెరిచినా ఏమీ కాదని ఎన్నో పుస్తకాల్లో చదివాను. అయినా ప్రతి విగ్రహం దగ్గరా నా కాళ్ళు వాటంతటవే రోడ్డు అంచుకు జరిగి, పక్కగా ఒదిగి నడుస్తాయి.