మిగిలిన బొమ్మ

సికింద్రాబాద్ నుంచి ఏ.ఎస్. రావు నగర్ మీదుగా వెళ్లే బస్సులో, నేను గీసిన కామిక్ పేజీలను ఒళ్లో పెట్టుకుని చూసుకుంటున్నాను. ఆఖరి బొమ్మలో నా హీరో గొలుసు దొంగను జైల్లో వేయించి, ఆకాశంలోకి ఎగిరిపోతున్నాడు. పక్క సీట్లో బత్తాయిల సంచితో కూర్చున్న బుర్ఖా పెద్దామె తొంగి చూసింది.

"మల్ల ఏమైతది?"

"ఇంతేనమ్మా. కథ అయిపోయింది."

"అయిపోయిందా!" అని నవ్వింది. "మా ఇంట్ల ఆడ్నుంచే షురూ అయింది బేటా. నా కొడుకు లోపలున్నడు. ములాఖాత్‌కు పోతున్న."

పేజీలు సర్దబోయాను. ఆమె ఆపి, హీరో మీద వేలు పెట్టింది.

"గొలుసు పోయినామెకు గొలుసు దొరికిందా? గది సుత గియ్యలే. అప్పుడే ఎగిరిపోతుండు. ఈయనకు ఏం జల్దీ ఉంది?"

జైలు స్టాపు వచ్చింది. లేస్తూ సంచిలోంచి ఒక బత్తాయి తీసి నా చేతిలో పెట్టింది.

"మంచిగ గీసినవ్ బేటా. జెర మిగిలింది సుత గియ్యి."

నా హీరోకి ఇప్పటికీ ఎగరడం వచ్చు. కొత్తగా గీసిన ఆఖరి బొమ్మలో మాత్రం బస్సెక్కి, ఒక పెద్దామె పక్కన, ఆమె బత్తాయిల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు.