నేను నొక్కిన క్యాపులు

మంగళవారం పొద్దున డబ్లిన్ ట్రైన్‌లో ఉండగా మా ఆవిడ ఫోన్ చేసింది. "పక్కింటి పెద్దాయన పోయారండీ. నిద్రలోనే పోయారంట" అంది. పోర్ట్‌లీష్ ఆసుపత్రిలో నర్సు కాబట్టి చావు కబురు గొంతు మారకుండా చెప్పడం ఆమెకు అలవాటే. ఆ రోజు మాత్రం చెప్పిందే రెండుసార్లు చెప్పింది. నాకు ముందుగా ఆయన ఎడమచెయ్యి గుర్తొచ్చింది. ఆ చేతి సంగతి మీకు చెప్పకుండా ఆయన గురించి ఏం రాసినా అది దొంగ రాతే.

డబ్లిన్ శివారు టాలట్ నుంచి మేం ఆయన పక్కింటికి అద్దెకు మారేటప్పటికి నా దవడకు కుట్లున్నాయి. అక్కడ లువాస్ ట్రామ్ దిగి ఇంటికి నడుస్తుంటే ముగ్గురు నన్ను కింద పడేసి బూటుకాళ్లతో తన్నారు. పన్నొకటి రోడ్డు మీదే ఉండిపోయింది. గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, వచ్చి రాసుకెళ్లారు, ఎవరూ దొరకలేదు. మాది పల్నాడు. తన్నులు తిని ఊరుకున్నవాణ్ని మా వైపు మనిషి కింద లెక్కేయరు. స్నానం చేస్తున్నా, ఆఫీసులో కోడ్ రాస్తున్నా, మనసులో ఆ ముగ్గురినీ చంపుతూనే ఉండేవాణ్ని.

పెద్దాయన రిటైరైన వడ్రంగి. ఆయనకున్న ఒకే పిచ్చి, పాతకాలపు నమూనాలో చేసిన రివాల్వర్. లైసెన్సుంది. దానికి ఇప్పటి తూటాలు పనికిరావు. ఆరు అరల్లో తుపాకిమందు పోసి, ఒక్కో సీసపు గుండు దిగగొట్టి, వెనక ఒక్కో అరకు కందిగింజంత రాగి క్యాపు తొడగాలి. ట్రిగ్గర్ లాగగానే సుత్తి క్యాపు మీద పడి, నిప్పు లోపలికి పోతుంది. ఈ సంగతి తెలియగానే ఆయన వెళ్లే షూటింగ్ క్లబ్బుకు నన్నూ తీసుకెళ్లమని వెంటపడ్డాను.

ఆయన నా దవడ చూసి, "ఎవర్ని కాల్చాలని?" అన్నారు. నా చెయ్యి కుట్ల మీదికి పోయింది.

"శనివారం రా. పేల్చడం నీకు కుదరదు. నింపి ఇద్దువుగాని" అన్నారాయన.

గుండును ముందు గోరుతో గీసి చూసేవారు. గీత పడితే మెత్తని సీసం, పడకపోతే పక్కకు. అరలోకి దిగేటప్పుడు గుండు అంచున సన్నటి సీసపు చుట్ట ఊడి రావాలి, అప్పుడే సందు లేనట్టు. క్యాపులకు మూడు సైజుల డబ్బాలుండేవి. తొడిగితే బిగిసి కూర్చోవాలి. వదులైతే ఊడిపోతుంది, ఆ కంతలోంచి పక్క అర నిప్పు దూరుతుంది. వదులైనదాన్ని వేళ్లతో నొక్కి నిలబెట్టేవాళ్లు క్లబ్బులో ఉన్నారు. ఆయనకు ఒళ్లు మండేది. "సరిపోనిదాన్ని నొక్కి సరిపెట్టకు. అది మరిచిపోదు" అనేవారు.

ఒక శనివారం, స్టేషన్ బయట ఎవడో నా మీద ఉమ్మాడు. కుతకుతలాడుతూ క్లబ్బుకెళ్లాను. సరైన డబ్బా సంచి అడుగున ఉంది, చేతికందినవి ఒక సైజు పెద్దవి. ఆరింటినీ నొక్కి తొడిగాను. నేను తొడిగినవి ఆయన ఎప్పుడూ తిప్పి చూసేవారు. ఆ రోజు చూడలేదు. నన్ను నమ్మడం అప్పుడే మొదలుపెట్టారు.

వయసుకు చెయ్యి వణికేది కాబట్టి ఎడమచేతిని గొట్టం కింద ఆనించి పేల్చేవారు. ఒకటి పేలాల్సింది మూడు పేలాయి. పక్క అరలోని గుండు రెండు వేళ్ల కొసలు ఎగరగొట్టేసింది. బల్లంతా రక్తం, అందులో గోరుతో సహా ఒక ముక్క. ఇన్నాళ్లూ నేను కోరుకున్న రక్తం అదే. వేడిగా ఉంది, వాసనేస్తోంది. చొక్కా విప్పి చుట్టాను. "గ్రాండ్, గ్రాండ్" అంటున్నారాయన పళ్లు బిగబట్టి. వాన పడ్డా, సూపు మాడినా ఆయనకు అన్నీ గ్రాండే.

క్లబ్బువాళ్లు పరిగెత్తుకొచ్చారు. "క్యాపులు ఎంచింది నేనే. నాదే పొరపాటు" అన్నారు పెద్దాయన. నేను నోరు తెరవబోతే కుడిచేత్తో నా మెడ పట్టి నొక్కారు. ఆసుపత్రికి వెళ్తూ కారులో అన్నారు: "నీకు వీసా గొడవలున్నాయి, పిల్లలున్నారు. నాకు ఎనిమిది వేళ్లు చాలు."

జాగ్రత్తకు పేరుపడ్డ మనిషి. ఆ తర్వాత కొత్తవాళ్లకు నేర్పే పని క్లబ్బు ఆయనకు మళ్లీ ఇవ్వలేదు. నేను నోరెత్తలేదు. ఆ రోజు నుంచి ఎవర్నీ చంపాలనిపించలేదు. మంచివాణ్నయ్యానని కాదు, రక్తం చూసి భయపడ్డాను. ఆ భయానికి ఆయనకు రుణపడి ఉన్నాను.

ఈ దేశంలో శవాన్ని ఇంటి ముందుగదిలో ఉంచి, వచ్చినవాళ్లకు టీ ఇస్తారు. నేను వెళ్లేసరికి శవపెట్టెలో ఆయన కుడిచెయ్యి పైన, ఎడమచెయ్యి దాని కింద కనిపించకుండా పెట్టి, జపమాల చుట్టారు. క్లబ్బు పెద్ద ఒకాయన కప్పు పట్టుకుని, "ఎంత జాగ్రత్త మనిషండీ. ఆ ఒక్కరోజు తప్ప" అన్నాడు.

నేను లేచాను. "ఆ రోజు క్యాపులు తొడిగింది నేను. వదులైనవని తెలిసే, నొక్కి తొడిగాను."

పెద్దాయన భార్య లేచి నా వైపు చూశారు. కొడతారేమో అనుకున్నాను, కొట్టినా బాగుండేది. ఆవిడ పెట్టె దగ్గరికి వెళ్లి జపమాల విప్పారు. ఎడమచేతిని మెల్లగా కింద నుంచి తీసి, కుడిచేతి మీద పెట్టి, రెండు పొట్టి వేళ్లూ అందరికీ కనిపించేలా జపమాల మళ్లీ చుట్టారు.