నరసింహులన్న గంటసేపటి కషాయం

పచ్చగా కనిపించిన ఏ ఆకునైనా ఉడికించి ఎవరో ఒకరి గొంతులో పోయందే మా నరసింహులన్నకు నిద్ర పట్టదు. ఆయనది రాయచోటి దగ్గర పల్లె, మా అందరిలాగే బతుకుతెరువుకు ఈ అరబ్బు దేశం వచ్చాడు. పని కబ్ద్‌లో ఒక తోటలో, మకాం రిగ్గైలో మా గదిలోనే. రోజూ సాయంత్రం సంచి నిండా మునగాకు, కరివేపాకు తెచ్చేవాడు. ఎప్పుడో ఫోన్‌లో ఎవరో డాక్టరు చెప్పింది విన్నాడట, అప్పటి నుంచి ఆ నోట యాంటీ ఆక్సిడెంట్ తప్ప మరో మాట లేదు. జుట్టు రాలినా అదే మందు, కఫీల్ అనే వీసా యజమాని తిట్టినా అదే మందు. ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, పారేసుకుని ఏడుస్తున్న మా గదిలోని తౌఫిక్‌కి కూడా ఒక గ్లాసు పట్టించాడు మహానుభావుడు.

మా కంపెనీ మూతపడిన నెల అది. నా ఇఖామాకు ఇరవై రోజులే గడువు. వేరే కఫీల్ దొరకలేదు. ఇంటికి ఏం చెప్పాలో తెలియక ఫోనే ఆపేశాను. తిండి మానేసి గోడవైపు తిరిగి పడుకున్నాను. నిజం చెబుతున్నా, అప్పుడు నాకు బతకాలని లేదు.

అలాంటివాడి దుప్పటి లాగి, వంటింట్లోకి నడిపించి, చేతిలో గరిటె పెట్టాడు నరసింహులన్న. ఎవరి మందు వాళ్లే కలపాలట. గంటసేపు ఆపకూడదట, ఆపితే యాంటీ ఆక్సిడెంట్లన్నీ అడుగంటుతాయట. ఆయన నస భరించలేక కలిపాను. ఆ గంటా పక్కనే స్టూలేసుకుని నా కూతురి బడి, నా పాత మేనేజర్ పీనాసితనం, అన్నీ ఆరా తీశాడు. కషాయం మాత్రం చేదు విషం. ఎనిమిది రోజులు ఇదే వరస.

తొమ్మిదో రోజు, నరసింహులన్న బతిమాలితే, నా కాగితాలు చూడటానికి అనంతరామ్ గారు వచ్చారు. హైదరాబాద్ ఆయన, ఆహారం పరీక్షించే ల్యాబ్‌లో ఉద్యోగం. మిర్కాబ్‌లో కొత్త కఫీల్ కోసం ఒకరిని అడిగి చూస్తానని, ఆశ మాత్రం పెట్టుకోవద్దని చెప్పారు. పోతూ పోతూ గిన్నెలోకి చూసి నవ్వారు. ఇంతసేపు మరిగిస్తే ఆకులోని మంచి గుణం చాలావరకు పోతుందనీ, ఆ సంగతి నరసింహులుకు పోయినేడే చెప్పాననీ అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన గుమ్మం దాటగానే ఈ పెద్దమనిషిని నిలదీశాను.

నరసింహులన్న స్టవ్ మంట తగ్గించాడు.

"తెలుసులేప్పా గంగాధరా. పచ్చిగా నూరిచ్చింటే ఒక్క గుక్కలో తాగేసి మళ్లీ గోడ తట్టుకు తిరుక్కుంటావు. గంటసేపు నా పక్కన యాడ కూచ్చుంటావు?"

 ఆపేసిన ఫోన్ తెరిచి ఇంటికి చేశాను. నా భార్య శివపార్వతి ఏడ్చి, తిట్టి, ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావని అడిగింది. రోజూ వంటింట్లో గంటసేపు గరిటె తిప్పుతున్నానన్నాను. పద్నాలుగేళ్ల కాపురంలో నేను చెప్పిన అబద్ధాలన్నీ నమ్మింది గాని, ఆ ఒక్క నిజాన్ని మాత్రం నమ్మలేదు.