పుచ్చులేని వంకాయలు

వంకాయలు ఏరడంలో ఆత్మకూరులో నన్ను మించినవాళ్లు లేరని నాకు గర్వంగా ఉండేది. తొడిమ పట్టుకుని ఒకసారి తిప్పితే చాలు, సూదిమొనంత చిల్లు కూడా కంటబడేది. ఆ కాయను తిరిగి బుట్టలోకి విసిరేదాన్ని. పెట్టడం కాదు, విసరడమే.

ఆ బుట్ట ఒకామెది. అనంతసాగరం వైపు పల్లె నుంచి పొద్దున్నే షేర్ ఆటోలో వచ్చి, బస్టాండు పక్కన గోనెపట్ట పరిచేది. మొగుడూ పెళ్లాం కౌలుకు చేసే తోటలో అప్పుడే కోసిన కాయలు. తొడిమ ముల్లు ఇంకా వేలికి గుచ్చుకునేది. తూకం అయ్యాక కొసరుగా గుప్పెడు పచ్చిమిరపకాయలు వేసేది. ఆ కాయల రుచి లారీల్లో ఎక్కడినుంచో దిగే కాయలకు ఎంత నూనె పోసినా రాదు. ఆ సంగతి తెలిసీ ఏరేదాన్ని.

ఉదయగిరిలో మా అవ్వ పుచ్చు కాయను ఏనాడూ పారేయలేదు. పుచ్చినంత మేర కోసేసి, మిగతాది ఉప్పునీళ్లలో వేసేది. పురుగు బతికిన కాయ మనల్ని చంపదే అనేది. నేను టీచరునయ్యాక ఆ మాట మరిచిపోయాను.

ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ ఆమె దగ్గర ఆగాను. బుట్టలో సగం పుచ్చే. నాకు చిర్రెత్తింది.

"ఏంది ఇది? మీ ఇంటాయన తోటకు మందు కొట్టడా? పక్క షాపులో చూడు, అద్దాల్లాగా ఉండాయి."

ఆయనకు ఆ వాసన పడదని ఆమె మెల్లగా చెప్పింది. అట్లయితే కొనేదెవరని నలుగురూ వినేటట్టు అని, ఖాళీ సంచితో వచ్చేశాను. నా వెనకే ఇంకో ఇద్దరు లేచి వచ్చారు.

రెండు వారాలకు బుట్టలో ఒక్క చిల్లు లేదు. కాయలు నిగనిగలాడుతున్నాయి. ఇప్పుడు బాగున్నాయని మెచ్చుకున్నాను కూడా. ఆమె నవ్వి, కొసరు రెండు గుప్పిళ్లు వేసింది.

తర్వాత ఆమె రాలేదు. ఏమైందో పక్కన ఆకుకూరలమ్మే ముసలామె చెప్పింది. వీపుకు తగిలించుకునే మందు ట్యాంకు ఎవరినో అడిగి తెచ్చుకున్నారట. అది కారుతోందట. చొక్కా తడుస్తున్నా, ఎండకు చల్లగానే ఉందని ఆయన చేనంతా కొట్టాడట. సాయంత్రానికి నోట్లో నురగ. నెల్లూరు ఆసుపత్రిలో మూడు రోజులున్నాడు. నాలుగోరోజు శవాన్ని తెచ్చుకున్నారు.

నోరా వీపుకు చేటు తేకే అంటారు. నోరు నాది, వీపు ఆయనది. ఆ మాట నన్ను ఎవరూ అనలేదు. నాకే తెలుసు.

మన ఊరి పంట కొంటే తాజాగా ఉంటుందని, మన రైతు బతుకుతాడని క్లాసులో ఏటా చెప్పే పాఠమే. ఈసారి 'బతుకుతాడు' దగ్గర పుస్తకం మూసేశాను. పిల్లలను రాసుకోమని చెప్పి కూర్చున్నాను.

కొన్ని నెలలకు ఆమె మళ్లీ అదే చోట కనబడింది. అదే గోనెపట్ట. పుచ్చువైనా ఫర్వాలేదు, తోటవి లేవా అని అడిగాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. అడగ్గానే సిగ్గేసింది.

"తోట యాడుండాది మేడం, వదిలేసినా," అంది, తక్కెడ సర్దుకుంటూ. "ఇవి లారీ కాయలు. యాడ పండినయ్యో నాకూ తెలీదు. పుచ్చు మాత్రం ఉండదు. నువ్వు ఏరే పన్లేదు."