కిరాయిదారును కాదన్న రోజు

నాంపల్లి స్టేషన్‌ నుంచి ఆబిడ్స్‌కు పోయే ఒక సందులో మా బిల్డింగు. మూడంతస్తులు, పాతది. పైన ఒక గది, ఒక వంటింటి మూల నావి. నావి అని ఇప్పటికీ నోటికి వస్తోంది, ఏం చేయను. పెళ్లయి వచ్చింది ఆ గదికే, మా ఆయన ప్రాణం పోయిందీ ఆ గదిలోనే.

ఇంటి యజమానురాలిని అక్కా అని పిలిచేదాన్ని. కిరాయి చేతిలో పెట్టడమే. కాగితం నేను అడిగింది లేదు, ఆమె ఇచ్చింది లేదు. బతుకమ్మకు డాబా మీద ఇద్దరం ఒకే తాంబాళంలో తంగేడు పూలు పేర్చేవాళ్లం. మా ఆయన పోయిన ఏడు నేను గదిలోనే ముడుచుకుని కూర్చుంటే, ఆమే వచ్చి చెయ్యి పట్టి లాక్కుపోయింది. "నా చెల్లెలు లేకుండ నేనెట్ల పేరుస్తనే?" అని అందరి ముందూ కసిరింది. ఆమె కొడుకు నన్ను చిన్నమ్మా అంటాడు.

ఆమె పోయాక బిల్డింగు కొడుకు చేతికి వచ్చింది. ఖాళీ అయిన ప్రతి ఇంటికీ రంగులు వేయించి, ఏసీ పెట్టించి, ఫోన్‌లో ఫొటోలు పెట్టాడు. రోజు కిరాయి. దవాఖానకు వచ్చినవాళ్లు, పరీక్ష రాయడానికి వచ్చినవాళ్లు, పెళ్లిబట్టలు కొనడానికి వచ్చినవాళ్లు దిగేవాళ్లు. తలుపుకు అంకెల తాళం. మనిషి మొహం మనిషి చూడనక్కర్లేదు. నెల కిరాయి ఇచ్చేవాళ్లు అతని కంటికి ఆనడం మానేశారు. కిరాయి పెంచితే కొందరు, నీళ్లు సరిగా రాక తట్టుకోలేక కొందరు, ఒక్కొక్కరే పోయారు. చివరికి పైన నేను, కింద దర్జీ ఇంటివాళ్లు మిగిలాం. ఆ గదులు తుడిచి దుప్పట్లు ఉతికే పని నాకే ఇచ్చాడు. వంట చేసిన చేతితో తెల్ల దుప్పటి పట్టుకుంటే పసుపు మరక పోదు. అందుకని ఉతుకుడు అయ్యాకే పొయ్యి వెలిగించేదాన్ని.

ఇళ్ల బిల్డింగులో అనుమతి లేకుండా లాడ్జి నడుపుతున్నారని ఎవరో మున్సిపల్ ఆఫీసులో ఫిర్యాదు పెట్టారు. అక్క కొడుకు నా గదికి వచ్చి నేల మీద కూర్చున్నాడు.

"చిన్నమ్మా, రేపు ఆఫీసర్లు వస్తున్రు. పైన ఉన్నోళ్లమంతా ఇంటోళ్లమే, కిరాయికెవ్వరు లేరని చెప్పు. లేకుంటే సీలేస్తరు. నేనూ రోడ్డు మీదనే, నువ్వూ రోడ్డు మీదనే."

"గట్లనే చెప్త బిడ్డా. ఫికర్ చెయ్యకు."

కింద దర్జీ భార్య ఈ మాట విని నవ్వింది. "ఏందక్కా, చుట్టమైతివా? మరి ఆయన బిడ్డ పెండ్లిల నీకు చీర పెట్టిండా? దుప్పట్లు ఉతికిపిచ్చుకుండు గని!"

"నీ నోరు మంచిది కాదే," అన్నాను.

మర్నాడు ఆఫీసరు వచ్చాడు. గదులకు తాళాలు వేసి ఉన్నాయి, దిగినవాళ్లెవరూ లేరు. దర్జీ భార్య గుమ్మంలో నిలబడి, "మేం కిరాయిదార్లం సార్. నెలనెలా ఇస్తం. మా ఆయన మిషిన్ గీడనే ఉంటది," అని గట్టిగా చెప్పింది. నన్ను అడిగితే, "నేను ఆయన చిన్నమ్మను. మా అక్క ఇల్లు ఇది. పైనంతా మా వాళ్లే," అన్నాను. ఆయన మళ్లీ అడిగాడు. మళ్లీ అదే చెప్పాను. అబద్ధం ఆడుతున్నట్టు నాకు అనిపించలేదు, అదే నా ఖర్మ.

కొన్నాళ్లకు అక్క కొడుకు మళ్లీ వచ్చాడు. ఈసారి కూర్చోలేదు.

"చిన్నమ్మా, వచ్చేటోళ్లంతా పై గదే అడుగుతున్రు. గాలి మంచిగొస్తది గదా. జర నువ్వు వేరే చూసుకో."

"నేను కిరాయిదారును బిడ్డా. గిట్ల ఉన్నపళంగ పొమ్మంటే ఎట్ల?"

"ఏం కిరాయి చిన్నమ్మా? ఆఫీసరు ముంగట నువ్వే అన్నవ్ గదా, చుట్టాన్నని. చుట్టమొచ్చి ఎన్నొద్దులుంటది?"

ఆఫీసుకు పోయి ఆ ఆఫీసరునే పట్టుకున్నాను. ఆయన నన్ను గుర్తుపట్టాడు. "అమ్మా, నిన్ను రెండుసార్లు అడిగిన. నువ్వు చెప్పినంకనే ఫిర్యాదు మూసేసినం. లాడ్జి నడుస్తుందంటవా, మళ్ల అర్జీ పెట్టు, చూస్తం. నీ గది సంగతి మాది కాదు, కోర్టుకు పో." కోర్టులో నేనేం చూపించను? ఇరుగుపొరుగుతో సాక్ష్యం చెప్పిద్దామన్నా వాళ్లంతా ముందే పోయారు కదా. దర్జీ ఇంటివాళ్లు మాత్రం ఇంకా ఉన్నారు, కాని ఆఫీసరు ముందు నేనే అన్న మాటను వాళ్లెలా కాదంటారు? వాళ్లను కదపడానికి అతనికి నోరు పెగలడం లేదు.

నేను దిగిపోయే రోజు మెట్ల మీద ఒక కుటుంబం సూట్‌కేసులతో నిలబడి ఉంది. గది ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూస్తున్నారు. వాళ్లలో ఒకామె నా చేతిలోని స్టవ్ అందుకుని కిందికి తెచ్చి పెట్టింది. "ఇల్లు మారుతున్రా ఆంటీ?" అంది. ఔనన్నాను. దర్జీ భార్య బయటికి రాలేదు. కిటికీ వెనక నిలబడి ఏడుస్తోంది.

ఎక్కడికని ఆటో అతను అడిగాడు. కోఠికి పోనిమ్మన్నాను. కోఠిలో నాకెవరూ లేరు. బస్సులు ఎక్కువ ఆగేది అక్కడ కదా అని అన్నాను, అంతే.